బల్లమీద సముద్రం: రవాణా ఓడల తగాదా

పచ్చీసు ఆడేవాళ్ళు పంట దగ్గర పోట్లాడుకుంటారు. చదరంగం ఆడేవాళ్ళు ముట్టుకున్న కాయని కదిపి తీరాలా అక్కర్లేదా అని పోట్లాడుకుంటారు. యాక్సిస్ అండ్ ఎలైస్ అనే యుద్ధపుటాట ఆడేవాళ్ళకి మాత్రం తగాదా అంతా రవాణా ఓడతోటే వస్తుంది. ఆ బల్లమీద యుద్ధనౌకలున్నాయి, విమానాలున్నాయి, టాంకులున్నాయి. వాటి సంగతి అంతా చప్పున ఒప్పేసుకుంటారు. ఒక్క తుపాకీ అయినా పేల్చలేని సరుకుల ఓడ వంతు వచ్చేసరికి అందరూ ఆట ఆపి నియమాల పుస్తకం మీద పడతారు!

ఈ ఆటని లారీ హారిస్ అనే అమెరికను తయారుచేశాడు. 1981లో ఒక చిన్న కంపెనీ అచ్చువేసింది; 1984లో మిల్టన్ బ్రాడ్లీ వారు చేపట్టాక ఊరూరా పాకింది. రెండో ప్రపంచయుద్ధం నాటి లోకపటం బల్లమీద పరిచి ఉంటుంది. నేల కొన్ని గళ్ళు, సముద్రం కొన్ని గళ్ళు. మన ఇండియా కూడా అందులో ఒక గడే. బ్రిటిషువాడి ఖాతాలో ఉంటుంది. సంపాదించిన రూకలతో సైన్యం కొనుక్కుని, నడిపించి, పాచికలు వేసి పోరాడాలి. పచ్చీసు తెలిసినవాళ్ళకి పాచికల భాగం వింత కాదు. వింత అంతా ఓడలోనే ఉంది.

2012లో వచ్చిన 1942 ఆట రెండో కూర్పు ప్రకారం చెబుతాను. పాత పెట్టెల్లో కొన్ని తేడాలున్నాయి. ఓడ ఖరీదు 7 రూకలు. వంతుకి రెండు సముద్రపు గళ్ళు నడుస్తుంది. ఏదో ఒక నేలదళాన్నీ, దానితోబాటు మరొక కాల్బలపు కాయనీ మోస్తుంది. కాబట్టి ఒక టాంకూ ఒక కాల్బలమూ ఎక్కుతాయి గాని, రెండు టాంకులు ఎక్కవు.

ఎక్కించుకోవడం కదలకముందైనా చేయవచ్చు, దారిలోనైనా చేయవచ్చు. జపాను తీరాన ఒక కాల్బలాన్ని ఎక్కించుకుని, ఒక గడి నడిచి, అక్కడి తీరాన తనవాళ్ళున్న నేలనుంచి ఒక టాంకుని ఎక్కించుకుని, ఇంకొక గడి నడిచి రెంటినీ దించవచ్చు. ఇంతవరకూ ఎవరూ నోరెత్తరు. మరి ఒకే గడి నడిచి దించేశాడనుకోండి. "నాకింకా ఒక గడి మిగిలింది కదా, ఖాళీ ఓడని వెనక్కి లాక్కుంటాను" అంటాడు. అక్కడ రేగుతుంది గొడవ. పుస్తకం ఖండితంగా చెబుతుంది: దించిన ఓడకి ఆ వంతులో ఇక కదలిక లేదు. మిగిలిన గడి మిగిలినట్టే పోయింది.

ఇది అన్యాయమనేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆటలో ఉన్న రుచి అంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. దింపి పారిపోయే వీలుంటే దండయాత్రకి భయమేముంది? దించినచోటే ఓడ రాత్రంతా పడుండాలి. మరునాడు శత్రువు వంతు వస్తుంది. సైన్యాన్ని దించేవాడు ఓడని కాపాడే యుద్ధనౌకల లెక్క కూడా ముందే చూసుకోవాలన్నమాట. దిగిన దళం కూడా అంతే. ఎక్కడం దిగడంతోనే దాని నడక సరి. టాంకుకి రెండు గళ్ళ నడక ఉంది కదా అని, దిగగానే లోపలికి ఉరికించడానికి లేదు.

ఓడ అసలు కదలకుండానే పని చేయవచ్చునంటే నమ్ముతారా? ఇంగ్లండుకీ, ఎదుటి ఐరోపా తీరానికీ ఆనుకున్న ఒకే సముద్రపు గడిలో ఓడ ఉన్నది. ఈ ఒడ్డున ఎక్కించుకుని ఆ ఒడ్డున దించవచ్చు. గోదావరి మీద బల్లకట్టు లాంటిదే! కాని బల్లకట్టువాడు రోజుకి ఎన్ని రేవులైనా వేస్తాడు. ఇక్కడ వంతుకి ఒక్క రేవే. ఒక కాయని ఈ దేశంలోనూ, రెండోదాన్ని పక్క దేశంలోనూ దించడమూ కుదరదు.

ఇంకొక చిక్కు. మీ ఓడ ఉన్న సముద్రంలోనే శత్రువు తన వంతు చివర కొత్త యుద్ధనౌకలు దించాడు. మీ వంతు వచ్చింది. పోరాడకుండా తప్పుకుపోవచ్చునా? పోవచ్చు. పోతూ పోతూ అక్కడి దళాన్ని ఎక్కించుకోవచ్చునా? వీల్లేదు. శత్రువు కళ్ళెదుట మూటలెత్తడం ఎల్లా? పక్క సముద్రానికి పోయి అక్కడ ఎక్కించుకోవాలి. శత్రు జలాంతర్గామి ఒక్కటే ఉంటే దాన్ని లెక్కచేయక్కర్లేదు గాని, ఆ సముద్రం నుంచి దండెత్తి సైన్యాన్ని దించాలంటే పక్కన ఒక్క యుద్ధనౌకైనా తోడుండాలి.

పాత ఆటల్లో ఓడకి కొద్దిగా ఆత్మరక్షణ ఉండేది. పాచిక మీద ఒకటి పడితే శత్రువుకి దెబ్బ తగిలేది. దాంతో ఆటగాళ్ళు ఒక తెలివి నేర్చారు. 24 రూకల యుద్ధనౌకని కాపాడుకోవడానికి 8 రూకల రవాణా ఓడల్ని ముందుంచి వాటిని ముంచుకునేవారు. కాపలావాణ్ణి కాపాడటానికి సరుకుని బలి పెట్టడం! 2008 కూర్పులో దీన్ని తిరగేశారు. రవాణా ఓడకి రక్షణ సున్న; యుద్ధనౌకలన్నీ పోయాకే దాని వంతు; అప్పుడు దానికి దిక్కు లేదు.

ఈ సున్న ఎంత నిజమో మన తీరానికి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే ఒజావా నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తకపు ఓడల్ని ముంచింది. అవి తోడు లేకుండా తీరం వెంబడి పోతున్న ఓడలు. వాటిలోవారు పాచిక వేయడానికైనా నోచుకోలేదు.

మిత్రుల సంగతి చివరికి ఉంచాను, అన్నిటికన్న తిరకాసు అదే గనక. అమెరికా సైన్యం బ్రిటిషు ఓడ ఎక్కవచ్చు. అయితే ఎక్కేది అమెరికా వంతులో, ఓడ నడిచేది బ్రిటన్ వంతులో, దిగేది మళ్ళీ అమెరికా వంతులో. అమెరికా వంతు అందరికన్న చివరిది. కనుక ఎక్కిన దళం దిగేలోగా జర్మనీ వంతు ఒకటి, జపాను వంతు ఒకటి గడిచిపోతాయి. ఈలోగా ఓడ మునిగితే అందులోని అమెరికా దళం కూడా దానితోనే మునుగుతుంది. ఓడ ఖరీదు ఒకరిది, సైన్యం ఖరీదు మరొకరిది. కాపలా ఎవరు పెట్టాలన్నది పుస్తకంలో లేదు, బల్లచుట్టూ కూచున్నవాళ్ళు తేల్చుకోవలసిందే.