కార్డులమీద వ్రాసిన పేరు

చిన్ననాట మనము విన్న కథలలో మాంత్రికుడు ఏడు సముద్రముల కావల చిలుకలో తన ప్రాణమును దాచుకొనును. ఆ చిలుక గొంతు నులిమినగాని కథ కంచికి పోదు. అట్టి కథలు విని పెరిగిన పాఠకునకు, 1996లో జపానుదేశమున ‘నకయోషి’ అను బాలికల మాసపత్రికయందు ఆరంభమైన ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’ అను మాంగా, అనగా బొమ్మలకథ, మొదట వింతగనే తోచును. ఏలయన, ఇందు మాయ పుష్కలముగ నున్నది గాని, చంపవలసిన మాంత్రికుడు లేడు.

తొమోఎదా పట్టణమున నాలుగవ తరగతి చదువుచున్న కినొమొతొ సకురా అను పదేండ్ల బాలిక, తండ్రి పుస్తకములగదిలో దొరకిన ఒక వింత గ్రంథమును తెరచి, అందలి కార్డులలో మీది దానిపై నున్న ‘గాలి’ అను పేరును పైకి చదువగనే, పెనుగాలి లేచి కార్డులన్నియు దిక్కులపాలయ్యెను. ఆ గ్రంథమునకు కావలియై యుండవలసిన కెరొబెరోస్ అను మృగము కాపలా మాని నిద్రపోవుచుండెను. అది మేలుకొని, పసుపుపచ్చని చిన్న బొమ్మవలె రెక్కలాడించుచు వెలుపలికి వచ్చి, చెదరిన కార్డులను ఏరి తెచ్చు భారమును బాలిక నెత్తిన పెట్టెను. ఈ మృగము మాటాడునది ఒసాకా యాస. గ్రంథము ఆ ఊర బహుకాలము పడియుండుటచేత అచటి పలుకు దానికి పట్టుబడినదట. దివ్యమృగము నోట ప్రాంతీయమైన పలుకుబడి నుంచిన రచయిత్రుల భాషాభిమానము నాకు మిక్కిలి ప్రియమైనది.

ఆ కార్డులను పూర్వము సృజించిన క్లౌ రీడ్ అనువాని తండ్రి ఆంగ్లేయుడు, తల్లి చీనాదేశీయురాలు. అందుచేతనే ప్రతి కార్డుమీద పైని ఒక చీనా అక్షరమును, క్రింద దాని ఆంగ్లనామమును ఉండును. కార్డును పట్టుటకు బలమొక్కటి చాలదు. ఎదుట చెలరేగుచున్నది ఏ కార్డో, దాని స్వభావమేమో గుర్తెరిగి, దానిని సరిగ పోల్చుకొనవలెను. పట్టిన పిదప సకురా కలము తీసి, బడిపిల్ల క్రొత్త నోటుపుస్తకముమీద వ్రాసికొనునట్లు, ఆ కార్డుమీద తన పేరు వ్రాసికొనును. ‘పువ్వు’ అను కార్డైతే ఎవరికిని కీడు తలపెట్టినది కాదు. బడిలో క్రీడోత్సవము జరుగుచుండగా, ఆ సంబరమునకు ఉప్పొంగి, మైదానమంతయు నిండిపోవునట్లు పూలరేకులు కురిపించినది, అంతే. ఇట్టి దానిని శత్రువని ఎవరనగలరు?

ఈ మహిమలన్నిటికిని ఆధారము ఒక సామాన్యమైన యిల్లు. తల్లి సకురా మూడేండ్ల పిల్లగా నున్నప్పుడే మరణించెను. భోజనపు బల్లపై నున్న ఆమె చిత్రమునకు ప్రతి ఉదయమును నమస్కరించిన పిమ్మటనే తండ్రియు, అన్నయు, చెల్లెలును ఫలాహారమునకు కూర్చుందురు. వంటయు ఇంటిపనియు ముగ్గురును వంతులు వేసికొని చేసికొందురు. ఇక చెలికత్తె తొమొయొ సంగతి. మాయాబాలికల కథలలో కథానాయిక మంత్రము చెప్పగనే వస్త్రములు వాటంతట మారుట పరిపాటి. అంతకు మునుపు ఇదే పత్రికయందు మొదలై లోకప్రసిద్ధమైన ‘సెయిలర్ మూన్’లోను అంతే. ఇచట అట్లు గాదు. స్నేహితురాలు రాత్రింబవళ్ళు కూర్చుండి, కొలతలు తీసి, గుడ్డ కత్తిరించి, కుట్టి తెచ్చిన క్రొత్త దుస్తులను తొడిగికొనియే సకురా సాహసమునకు బయలుదేరును. తొమొయొ కెమెరా పట్టుకొని వెంట నడచును. ఆ సూదిపని ఈ కథకు ప్రాణము.

దీనిని రచించినది ‘క్లాంప్’ అను పేర పనిచేయు నలుగురు స్త్రీలు. కథ కూర్చునది ఒకావ, తక్కిన మువ్వురు మొకొనా, నెకొయి, ఇగరషి. పత్రికలో 2000వ సంవత్సరము వరకు సాగి, 12 సంపుటములుగ వెలువడినది. 1998 ఏప్రిలు మొదలు 2000 మార్చి వరకు జపాను ప్రసారసంస్థ ఎన్‌హెచ్‌కె ఉపగ్రహ ప్రసారములలో 70 భాగములుగ వచ్చిన ఆనిమే, అనగా కదలుబొమ్మల చిత్రము, మాడ్‌హౌస్ అను నిర్మాణసంస్థ వారిది. దర్శకుడు అసకా మొరియో. మూలమున కార్డులు 19 మాత్రమే, ఆనిమేలో 52. మెయిలింగ్ అను బాలిక కూడ దానికొరకు కల్పింపబడినదే. 2016లో రచయిత్రులు ‘క్లియర్ కార్డ్’ అను ఉత్తరకథకు పూనుకొని 2023లో ముగించిరి. 2018లో అదియు ఆనిమే ఆయెను. నా దృష్టిలో మొదటి కథ సౌష్ఠవము దీనికి రాలేదు.

ఆ సౌష్ఠవము కార్డులన్నియు చేరిన పిదప వచ్చు పరీక్షయందు స్పష్టమగును. చంద్రుని పేరుగల యుయే అను రెండవ కావలివాడు ఎదురై నిలుచును. సకురా ఓడినచో ప్రపంచము నశింపదు, కాని ఆ కార్డులతో సంబంధించిన ప్రతివారును తాము మిక్కిలి ప్రేమించువారిమీది ప్రేమను మరచిపోవుదురు. పిల్లల కథలో ఇంతకు మించిన విపత్తును నేను చదువలేదు. గెలిచిన సకురా, తాను యజమానురాలినగుటకు ఇష్టపడనని, స్నేహితురాలినగుదునని చెప్పును. కార్డులమీద పేరు వ్రాసికొనిన బాలికయే ఈ మాట యనుచున్నదని గమనింపవలెను.

ఈ సున్నితత్వమును అమెరికా ప్రసారకర్తలు గుర్తింపలేదు. అచట 70 భాగములలో 39 మాత్రమే, అదియు ఎనిమిదవ భాగముతో ఆరంభించి, హాంకాంగు బాలుడు ష్యావొరాన్‌ను ముందుకు తెచ్చి, ప్రేమప్రసంగములను తగ్గించి చూపిరి. ఆంగ్లములో ఆ రూపమును మాత్రమే చూచినవారికి అసలు కథ చేరలేదనియే చెప్పవలెను. పూర్తి ఆనిమే చూచినవారికి సైతము ఒక కొరత మిగులును: ష్యావొరాన్ తన మనసు విప్పి చెప్పిన మాటకు సకురా బదులు 70వ భాగములో లేదు, 2000 జూలైలో విడుదలైన రెండవ చలనచిత్రములో నున్నది. కావున చూడదలచినవారు, మీ పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొదటి భాగమునుండి ఆ చిత్రము వరకు వరుస తప్పక చూడుడని నా మనవి.