మసకబారిన రాత్రి కన్ను మళ్లీ తేటపడేదెలా?

ప్రశ్న: చీకట్లో మనుషుల్ని పట్టే కెమెరా అద్దం వానకీ ఉప్పుగాలికీ పాడైతే తుడిస్తే చాలదా? ఎలా బాగుచేస్తారు?
– ఏడో తరగతి విద్యార్థిని, నర్సీపట్నం

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఇత్తడి గిన్నెకి కళాయి ఎలా వేసేవారో ముందు మీ అమ్మమ్మని అడుగు. పాత మురికీ కిలుమూ పూర్తిగా తోమేసి, గిన్నెని కొలిమి మీద కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా పులిమేవారు. మురికి మీదే పులిమితే నాలుగు రోజుల్లో పెచ్చులు లేచిపోయేది. ఈ సంగతి గుర్తుపెట్టుకో.

పొయ్యికి దూరంగా నిలబడ్డా ముఖానికి సెగ తగులుతుంది కదా! అందులో ఎక్కువ భాగం కంటికి కనబడని పరారుణ కిరణాలది. మన ఒంటి నుంచీ అవి వస్తూనే ఉంటాయి. చీకట్లో కెమెరా పట్టేది వాటినే. ఒంటి నుంచి వచ్చేవాటిని మామూలు గాజు ఆపేస్తుంది. అందుకని ఈ కెమెరాల ముందు తరచుగా జెర్మేనియం బిళ్ల పెడతారు. చూస్తే బూడిదరంగు లోహంలా మెరుస్తుంది. వెలుతురు దాని గుండా రాదు, పరారుణం వస్తుంది.

అయితే పూత లేని జెర్మేనియం, తన మీద పడ్డ కిరణాల్లో 36 శాతాన్ని మొదటి ముఖం దగ్గరే వెనక్కి పంపేస్తుంది. రెండో ముఖం కూడా దాటేసరికి మిగిలేది సగానికి తక్కువ. ఆ నష్టాన్ని ఆపడానికే పలుచని పూత. పూత పైనుంచీ అడుగునుంచీ వెనుదిరిగే అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకునేలా దాని మందం లెక్కగడతారు. బయటి ముఖానికి ఎక్కువగా వేసేది వజ్రంలాంటి కార్బన్ పూత. మందం వెంట్రుకలో సుమారు యాభయ్యో వంతే. అయినా కిరణాల్ని లోపలికి పోనిస్తుంది, గీతలు పడకుండా బిళ్లని కాస్తుంది.

ఏళ్లు గడిచేకొద్దీ ఇసుక రేణువులు దాన్ని గీస్తాయి. ఆ గీతల్లోకీ అంచుల్లోకీ ఉప్పుతేమ దిగి పూతని పైకి లేపుతుంది. అప్పుడు పొడిగుడ్డతో తుడిస్తే గుడ్డ కింద చిక్కిన ఇసుక ఇంకా గీస్తుంది. లేచిన పూత మాత్రం అతుక్కోదు.

కాబట్టి కళాయి వరసే ఇక్కడా. ముందు పాత పూత తియ్యాలి. గాలి తోడేసిన గదిలో ఆక్సిజన్‌ని విద్యుత్తుతో రగిలిస్తే కార్బన్ వాయువై పోతుంది. జెర్మేనియం మీద గుంటలుంటే మెత్తని వజ్రపు పొడితో సానపడతారు. వంపు కాస్త మారినా బొమ్మ చెదురుతుంది, అందుకే మాటిమాటికీ కొలుస్తారు. గుంట మరీ లోతైతే ఆ బిళ్లని పక్కన పెట్టాల్సిందే. తరవాత శుభ్రం చేసి, మళ్లీ అలాంటి గదిలో మీథేన్ వంటి వాయువుని విద్యుత్తుతో విడగొడతారు. అందులోని కార్బన్ వేగంగా వచ్చి బిళ్లకి కరుచుకుంటుంది. ఆఖరున అంటుకునే టేపు అతికించి లాగుతారు, ఉప్పునీటి పొగమంచులో ఉంచుతారు. చెక్కుచెదరకపోతేనే పని అయినట్టు.

ఈ విద్య మనకి దూరమేం కాదు. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నంలో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. రాత్రిచూపు పరికరాలు అక్కడ తయారవుతాయి.

కళాయి వేసే మనిషి సమయమంతా ఎక్కడ పోయేదో అమ్మమ్మ చెబుతుంది. తోమడంలోనే. కెమెరా బిళ్ల బాగుచేసేవాళ్ల ఓర్పూ అక్కడే కావాలి.