చుట్టు తిరిగినా ఒకేసారి చేరాలి

సూర్యాపేటలో రెండు బస్సులు ఒకేసారి బయల్దేరాయనుకుందాం. ఒకటి 65వ నంబరు హైవే మీద నేరుగా కోదాడకి. రెండోది మిర్యాలగూడ, హుజూర్‌నగర్ చుట్టి కోదాడకే. రెండోది లేటవుతుంది కదా! మల్టీమోడ్ ఫైబర్‌లో చిక్కు అదే. 50 మైక్రాన్ల కోర్‌లో వెలుగు వందల దారుల్లో పోతుంది. ఒక్కసారిగా పంపిన పల్స్ చివరికొచ్చేసరికి సాగిపోయి, వెనకొచ్చే పల్స్‌లో కలిసిపోతుంది.

విరుగుడు ఏమిటంటే, చుట్టుదారి బస్సుకి వేగం పెంచడం. కోర్ నడుమ వక్రీభవన గుణకం ఎక్కువ ఉంచి, అంచుకు పోయేకొద్దీ దాదాపు పారాబోలాలా తగ్గిస్తారు. గుణకం తగ్గినచోట వెలుగు వేగంగా పోతుంది. దూరం ఎక్కువైనా లెక్క సరిపోతుంది.

చెప్పడం తేలికే, చేయడమే కష్టం. తిరుగుతున్న సిలికా గొట్టంలోకి సిలికాన్, జెర్మేనియం టెట్రాక్లోరైడ్ ఆవిర్లు, ఆక్సిజన్ పంపి, బయట మంట పెడతారు. లోపల గాజు పొరలు పొరలుగా పేరుకుంటుంది. కోర్ పొరల్లో ఒక్కోదానికి జెర్మేనియం కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి. తర్వాత గొట్టాన్ని ఇంకా కాల్చి కడ్డీగా మూసేటప్పుడు జెర్మేనియం ఆక్సైడ్ కొంత ఆవిరై, గుణకంలో సరిగ్గా నడుమ గుంట పడుతుంది. ఎల్ఈడీల కాలంలో అది అంతగా ఇబ్బంది పెట్టలేదు. లేజర్ సన్నగా నడిమధ్యన పడేసరికి బండారం బయటపడింది!

ఆ కడ్డీని 2000 డిగ్రీల దగ్గర మెత్తబరిచి, 125 మైక్రాన్ల పోగుగా లాగుతారు. పోచంపల్లి నేతన్న చూసినా ముచ్చటపడతాడు.

ఇంత చేసినా, 10 గిగాబిట్ల వేగంలో ఓఎం3 రకం 300 మీటర్లే లాగుతుంది. కోర్ వెడల్పు కాబట్టి చవక లేజర్లు సరిపోతాయి, అదీ దాని లాభం. అందుకే సూర్యాపేట నుంచి కోదాడకి సింగిల్‌మోడ్. సర్వర్ రూంలో ఈ ర్యాక్ నుంచి ఆ ర్యాక్‌కి మల్టీమోడ్.