ఏడిపించే నాటకానికి ఎందుకంత జనం!

కంభం చెరువు కట్ట మీద నిలబడితే ఇటు నీళ్లు, అటు కొండలు. గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేయించి ఈ చెరువు కట్టించింది శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు అని ఈ ప్రాంతంవాళ్ల నమ్మకం. ఒకరు వరదరాజమ్మ అంటారు, ఒకరు తుక్కాదేవి అంటారు, అన్నపూర్ణ, జగన్మోహిని అనేవాళ్లూ ఉన్నారు. పేరేదైనా కథ ఒక్కటే. యుద్ధంలో ఓడిన తండ్రి గెలిచినవాడికి కూతుర్నిచ్చి సంధి చేసుకున్నాడు. పెళ్లయింది, కాపురం లేదు. కొత్త పెళ్లికూతురి మీద అనుమానం పుట్టిందనీ, రాయలు ఆమె ముఖం చూడలేదనీ, కంభంలో ఒంటరిగా బతుకు వెళ్లదీసిందనీ చెబుతారు.

ఆమె రాసిందంటూ సంస్కృతంలో ఐదు శ్లోకాలు నిలిచాయి. 'తుక్కా పంచకం' అంటారు. తుమ్మెద వాలని సంపెంగ గురించిన శ్లోకం అందులో ఉంది. విచిత్రమేమిటంటే ఆ శ్లోకం తుమ్మెదను తిట్టదు, పువ్వునూ తప్పుపట్టదు. భారమంతా దేవుడి మీద వేసి ఊరుకుంటుంది.

చెడ్డవాడు లేడు. అయినా బతుకు చెడింది. ట్రాజెడీ అనే మాటకు ఇంతకన్నా దగ్గరి అర్థం దొరకడం కష్టం.

కళ్లు పోయింది ఎవరికి?

క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పింది కూడా దాదాపు ఇదే. విషాద నాటకంలో నాయకుడు మరీ పుణ్యాత్ముడు కాకూడదు, మరీ దుర్మార్గుడూ కాకూడదు. మనలాంటివాడే, కాస్త పెద్దవాడు. ఎక్కడో ఒక పొరపాటు చేస్తాడు. ఆ పొరపాటు అతణ్ని కూల్చేస్తుంది. చూసేవాళ్లకు జాలి కలగాలి, 'రేపు నాకైతే' అన్న భయమూ కలగాలి. ఆ రెండూ కలిసి లోపలున్నదాన్ని కడిగేస్తాయన్నది ఆయన మాట. అన్నట్టు, ఏథెన్సులో ఈ నాటకాలు ఆడింది డయొనైసస్ దేవుడి ఉత్సవాల్లోనే. బహుమతులు కూడా ఉండేవి. మన తిరునాళ్లనూ, పరిషత్తు పోటీలనూ కలిపి ఊహించుకుంటే సరిపోతుంది!

సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ రాజు తాను చేసిన ఘోరం తెలియగానే తన కళ్లు తానే పొడుచుకుంటాడు. మన రాయలవారి కథలోనూ కళ్లు పోయాయి. కాకపోతే పోయింది రాజువి కాదు. చిన్నవాడైన యువరాజు తిరుమలరాయలు 1524 ప్రాంతంలో చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం మంత్రి తిమ్మరుసు కుటుంబం మీద పడింది. 'అప్పాజీ' అని పిలిచిన మనిషి కళ్లే తీయించాడు రాజు. పోర్చుగీసువాడు న్యూనిజ్ ఈ సంగతి రాశాడు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాలో ఆ పాత్ర వేసింది గుమ్మడి. తప్పు చేసినవాడు చూపు పోగొట్టుకోవడం గ్రీకు పద్ధతి. తప్పు చేసినవాడికి చూపు మిగలడం మన కథ. ఏది పెద్ద శిక్షో చెప్పడం తేలిక కాదు.

బళ్లారి వకీళ్ల సాహసం

సంస్కృత నాటకానికి ఏడుపంటే భయం లేదు. శోకం నుంచి పుట్టే కరుణకు నవరసాల్లో గొప్ప చోటే ఉంది. భవభూతి అయితే 'ఉత్తరరామచరిత'మంతా కన్నీళ్లతోనే నడిపాడు. కాకపోతే చివరికి అంతా సుఖంగా ముగియాలి. రంగం మీద చావు చూపకూడదన్నది మర్యాద. దాన్ని దాటింది భాసుడిదిగా చెప్పే 'ఊరుభంగం'. అందులో తొడలు విరిగిన దుర్యోధనుడు ప్రేక్షకుల ముందే ప్రాణం విడుస్తాడు. ఆ నాటకం గణపతిశాస్త్రి పుణ్యమా అని 1912లో అచ్చులోకి వచ్చింది.

అప్పటికే తెలుగువాళ్లు తమ దారి తాము వెతుక్కున్నారు. బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' రాశారు. తొలి తెలుగు విషాదాంత నాటకం అదేనంటారు. సవతి తల్లి చిత్రాంగి మనసుపడటం, కొడుకు కాదనడం, నింద, తండ్రి ఆజ్ఞతో కాళ్లూ చేతులూ నరకడం... కథ అందరికీ తెలిసిందే. పాత కథలో సిద్ధుడి దయవల్ల అవయవాలు తిరిగి వస్తాయి. ఆచార్యులవారు విషాదాన్ని పేరులోనే పెట్టుకున్నారు. క్రీస్తుపూర్వం 428లో యూరిపిడిస్ బహుమతి గెలిచిన 'హిపోలిటస్' కథ కూడా సవతి తల్లి, కొడుకు, నింద, తొందరపడ్డ తండ్రి! రాజమండ్రికీ ఏథెన్సుకూ చుట్టరికం లేదు. తొందరపడే తండ్రులు మాత్రం అన్నిచోట్లా ఉన్నారు.

అదే ఊళ్లో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు విజయనగర పతనాన్ని నాటకం చేశారు. అందులో పఠాను వేషంతో బళ్లారి రాఘవ పేరు మోగిపోయింది. మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోవే. కనుక బళ్లారి ఈ ప్రాంతానికి మరీ పరాయిదేమీ కాదు.

మేడపి నుంచి బయల్దేరినవాడు

మార్కాపురం నుంచి ఉత్తరంగా త్రిపురాంతకం వైపు వెళ్తే మేడపి అనే ఊరుంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పక్షం వలసకాలంలో తలదాచుకున్న చోటు ఇదేనంటారు. గడువు తీరింది, మా మాచర్ల మాకివ్వమని అడగడానికి అలరాజును గురజాలకు రాయబారం పంపారు. అడగబోయింది స్వయానా మామగారినే. అలరాజు తిరిగి రాలేదు. దారిలో చర్లగుడిపాడు దగ్గర విషంతో చంపించారు. భార్య పేరిందేవి భర్తతోపాటే పోయింది. చంపించిన పక్షం ఆమె పుట్టిల్లు!

ఇక్కడ ఆగితే యుద్ధం ఉండేది కాదు. ఎవరూ ఆగలేదు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో రెండోరోజు పేరే 'రాయబారం'. ఆ రోజు అలరాజు కథ పాడతారు. ఏం జరగబోతోందో వింటున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా కూర్చుంటారు. 1947లో ఒకసారి, 1966లో మరోసారి వచ్చిన 'పల్నాటి యుద్ధం' సినిమాలకూ అంతే, ముగింపు తెలియక వెళ్లినవాళ్లెవరు?

కాటి సుంకం

ఇక అసలు సంగతికొస్తే, పల్లెల్లో ట్రాజెడీ అంటే హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకానికి నిజానికి ముగింపు శుభమే. దేవతలు వస్తారు, బిడ్డ బతుకుతాడు, రాజ్యం తిరిగొస్తుంది. కానీ ఆ ముగింపు కోసం ఎవరు ఎదురుచూస్తారు? చాలాచోట్ల కాటిసీను ఒక్కటే విడిగా ఆడిస్తారు. పండితులు సుఖాంతం ఉండాలన్నారు. జనం దాన్ని కత్తిరించి పక్కన పెట్టేశారు!

ఆ సీనులో హరిశ్చంద్ర వేషధారులు జాషువా శ్మశాన పద్యాలు కలిపి పాడతారు. అవి ఆ నాటకంలోవి కావు. జాషువా 1895లో పుట్టిన వినుకొండ మార్కాపురం నుంచి గుంటూరు వెళ్లే దారిలోదే. అంటరానివాడని బతికినంతకాలం అవమానాలు పడ్డ కవి మాటలు, రాజై ఉండి కాటికాపరి అయినవాడి నోట వినిపిస్తాయి. ఏ నాటకశాస్త్రం చెప్పిన మెలిక ఇది? పద్యం నచ్చితే 'వన్స్ మోర్' అంటారు. శవం ముందు తల్లి ఏడుస్తుంటే వన్స్ మోర్ ఏమిటని పట్నంవాళ్లు నవ్వుకోవచ్చు. ఏడుపూ, మెచ్చుకోలూ ఒకేసారి రావడంలో పల్లె మనిషికి ఇబ్బందేమీ లేదు.

చంద్రమతి బిడ్డను మోసుకొస్తుంది. కాటి సుంకం కట్టడానికి ఆమె దగ్గర డబ్బుల్లేవు. అడుగుతున్నవాడు భర్త. వదిలేద్దామంటే అది యజమాని సొమ్ము. వాన మీదే ఆధారపడ్డ పొలాలు, ఎండితే వలసలు, కర్మకాండకు సైతం చేబదుళ్లు చేసిన ఇళ్లున్న పశ్చిమ ప్రకాశంలో ఆ సుంకం గొడవ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంట్లో చావు జరిగిన రోజు పనుల్లో పడి ఏడవలేకపోయిన మనిషి, ఏడాది తర్వాత లోహితాస్యుడి కోసం పదిమందిలో కూర్చుని ఏడుస్తుంది. ఎవరికోసం ఏడ్చావని పక్కవాళ్లు అడగరు.

రాత్రి మూడు దాటుతుంది. హార్మోనియం శ్రుతి పెంచుతుంది. చెంగులు కళ్లకు చేరతాయి. చంద్రమతి ఒళ్లో చచ్చినట్టు పడుకోవాల్సిన పిల్లవాడు మాత్రం అప్పటికి నిజంగానే గాఢనిద్రలో ఉంటాడు.