చేతులు మరవని పని

మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లు చిక్కిపోతుంటే వయసు మీద పడిందనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం కంచం దగ్గరే ఉంటుంది. ఆకలి తెలియకపోవడం ఒకటైతే, ఎదురుగా ఉన్న అన్నం కంటికి ఆనకపోవడం మరొకటి. ఈ జబ్బులో, అంటే డిమెన్షియాలో, దగ్గరి రంగుల మధ్య తేడా పట్టే శక్తి తగ్గుతుంది. తెల్ల పళ్లెంలో పెరుగన్నం పెడితే వాళ్లకది ఖాళీ పళ్లెమే. బోస్టన్ పరిశోధకులు 2004లో అల్జీమర్స్ ముదిరిన 9 మందికి తెల్ల పళ్లేలు తీసేసి ముదురు ఎరుపు వాటిలో వడ్డిస్తే తిండి 25 శాతం పెరిగింది. చిన్న అధ్యయనమే, కానీ ఖర్చులేని ఉపాయం. మనకు అరిటాకు ఉండనే ఉంది.

ఇక ఏం పెట్టాలి? కిలో బరువుకు రోజుకు కనీసం 1 గ్రాము మాంసకృత్తులు అందాలి. నీళ్లచారు అన్నంతో అది కుదరదు. నెయ్యి వేసిన ముద్దపప్పు, గుడ్డు, గట్టి పెరుగు కావాలి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. ముద్ద ముద్దకీ పొలమారుతుంటే డాక్టరుకు చూపించాల్సిందే. బి12, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి. ఆ లోపాల వల్ల వచ్చిన మతిమరుపు మందులతో తగ్గవచ్చు.

నడిస్తే పోయిన మతి తిరిగొస్తుందని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. బ్రిటన్‌లో 494 మంది డిమెన్షియా రోగులతో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో గట్టి వ్యాయామం ఒంటికి సత్తువనిచ్చింది, జ్ఞాపకశక్తి క్షీణతను ఆపలేదు. అయినా వ్యాయామం దండగ కాదు. ఫిన్లాండ్‌లో 210 మంది అల్జీమర్స్ రోగులపై జరిగిన అధ్యయనంలో ఇంటిదగ్గరే ఏడాదిపాటు వ్యాయామం చేయించినవాళ్లు తక్కువసార్లు పడ్డారు, తమ పనులు తాము చేసుకునే శక్తి వాళ్లలో నెమ్మదిగా తగ్గింది. ఒకరి మీద ఆధారపడకుండా స్నానాలగది దాకా వెళ్లగలగడం చిన్న విషయమా?

మరి వ్యాయామం ఎలా చేయించాలి? జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లలో ఈ వయసువాళ్లు చాలామంది పత్తి తీసి, మిరపకాయలు కోసి బతికినవాళ్లు. ఏళ్ల తరబడి చేసిన పనుల వాటం మెదడులో వేరే చోట్ల నిలిచి ఉంటుంది. అల్జీమర్స్ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. "అమ్మమ్మా, ఎక్సర్‌సైజు చెయ్యి" అంటే కదలని మనిషి, "ఈ గోంగూర కాస్త దూసిపెట్టవా" అంటే ఆకు అందుకుంటుంది. కట్ట కాస్త దూరంగా పెడితే లేచి తెచ్చుకుంటుంది. ఆ లేవడం కూర్చోవడమే తొడలకు వ్యాయామం. పక్కన ఒకరు ఉండాలి. మిరప తొడిమలు తీసే పని మాత్రం వద్దు, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటారు. పొద్దుగూకే వేళ చాలామందిలో కంగారు, విసుగు పెరుగుతాయి కాబట్టి గోంగూర పనిని ఆ సమయానికి అట్టిపెట్టి చూడండి.