అంతస్తులు పెరిగిన చోటికి పైపులు చేరాలంటే

ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. రోడ్లకు, పార్కుకు పోను అందులో 200 గజాల ప్లాట్లు పదిహేను దాకా వస్తాయి. ఇంటికి నలుగురి చొప్పున అరవై మంది ఉంటారు. అదే ఎకరంలో 150 ఫ్లాట్ల టవర్ లేస్తే ఆరు వందల మంది వచ్చి చేరతారు. మహానగరాల్లో మనిషికి రోజుకు 150 లీటర్ల నీరు అందాలన్నది కేంద్ర ప్రమాణం. ఆ లెక్కన పదిహేను ఇళ్లకు 9,000 లీటర్లు సరిపోతే, టవర్‌కు 90,000 లీటర్లు కావాలి. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. ముందున్న రోడ్డు కింద పాత పైపే ఉంటే అది ఈ భారాన్ని మోయలేదు. దాన్ని ఎప్పుడు మార్చాలి, ఎవరి డబ్బుతో మార్చాలి అన్నదానికి జవాబు నగర బడ్జెట్‌లో దొరకాలి. అందుకే ఎంత కట్టవచ్చో చెప్పే నిబంధనను, ఎంత ఖర్చు పెట్టాలో చెప్పే బడ్జెట్‌ను కలిపి చూడాలి. హైదరాబాద్‌లో ఇవి రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తున్నాయి. నగరవాసుల కష్టాల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

సాంద్రత అంటే ఏమిటి?

సాంద్రత పేరుతో రెండు విషయాలు కలగలిసిపోతుంటాయి. ఒక చదరపు కిలోమీటరులో ఎంతమంది ఉంటున్నారన్నది జనసాంద్రత. 2011 జనాభా లెక్కల ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) పరిధిలో 67 లక్షలకు పైగా జనం ఉన్నారు. చదరపు కిలోమీటరుకు సగటు పది వేలు దాటింది. ఒక స్థలంలో ఎంత కట్టడం ఉందన్నది రెండో విషయం. దీన్ని ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ (ఎఫ్‌ఎస్‌ఐ)తో కొలుస్తారు. వెయ్యి గజాల స్థలానికి ఎఫ్‌ఎస్‌ఐ 2 అంటే అన్ని అంతస్తులూ కలిపి రెండు వేల గజాలు కట్టుకోవచ్చు. స్థలంలో సగం మేరకే కడితే నాలుగు అంతస్తులు వస్తాయి.

ఎత్తు పెరిగినంత మాత్రాన ఇరుకు పెరగదు. రెండంతస్తులు దాటని బస్తీలో ఒక్కో గదిలో ఐదారుగురు సర్దుకుంటే అది ఇరుకు. ఇరవై అంతస్తుల్లో మనిషికి తగినంత చోటు ఉంటే అది ఇరుకు కాదు. పైగా ఇళ్లు దగ్గరగా ఉన్నచోట ఇంటింటికీ వేయాల్సిన పైపు పొడవు తగ్గుతుంది, బస్సుకు ప్రయాణికులు దొరుకుతారు, చెత్త సేకరణ చవకవుతుంది. నగరం శివార్ల వైపు పలచగా పరుచుకుంటూ పోతే ఈ ఖర్చులన్నీ పెరుగుతాయి. అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో ప్రభుత్వం ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటించినప్పుడు తెలంగాణ అంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ముందు ప్లాట్లు అమ్మి, ఆ తర్వాత రోడ్డు, నీరు, మురుగు కాలువ వెతుక్కోవడం ఎంతగా అలవాటైందో ఆ సంఖ్యే చెబుతుంది.

పరిమితి లేని నగరం

భారతీయ నగరాలు ఎక్కువగా ఎఫ్‌ఎస్‌ఐకి గీత గీసి సాంద్రతను అదుపు చేస్తూ వచ్చాయి. ముంబై 1964లో ఈ పద్ధతిని తెచ్చి, 1991 నిబంధనల్లో దీవి నగరానికి మూల ఎఫ్‌ఎస్‌ఐని 1.33గా పెట్టింది. చెన్నైలో చాలాకాలం 1.5గా ఉన్నదాన్ని 2019లో 2కు పెంచారు. హైదరాబాద్ మరో దారి పట్టింది. 2006లో వచ్చిన జీవో 86 ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని పక్కనపెట్టింది. 2012 నాటి జీవో 168 అదే పద్ధతిని కొనసాగించింది. ఈ నిబంధనల్లో మూడు కొలతలు కలిసి నడుస్తాయి: భవనం ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్. 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నవన్నీ బహుళ అంతస్తుల భవనాల కింద లెక్క. ఎత్తు పెరిగేకొద్దీ రోడ్డు వెడల్పుగా ఉండాలి, సెట్‌బ్యాక్ పెరగాలి. ఈ షరతులకు లోబడి ఎన్ని అంతస్తులైనా వేయవచ్చు.

దీనివల్ల మేలు జరిగింది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కోకాపేట వైపు ఐటీ ఉద్యోగాలు పెరిగినప్పుడు వాటికి చేరువలోనే వేల ఫ్లాట్లు లేచాయి. గీత గట్టిగా గీసిన నగరాల్లో అదనపు ఎఫ్‌ఎస్‌ఐ కోసం సాగే బేరసారాలు ఇక్కడ తగ్గాయి. కానీ ఈ నిబంధనకు కనిపించేది భవనం ముందున్న రోడ్డు మాత్రమే. ఆ రోడ్డు వెళ్లి కలిసే కూడలి ఎంత ఇరుకో, కింద మురుగు గొట్టం ఎంత లావో, పక్క నాలా ఎంత నీటిని మోయగలదో అందులో లెక్కకు రావు. ఒక్కో భవనం నిబంధనకు తగ్గట్టే ఉన్నా, అవన్నీ కలిసి ఒకే కూడలి మీద, ఒకే నాలా మీద పడతాయి. 2020 అక్టోబరు వరదల్లో కాలనీలకు కాలనీలు మునిగాక, ఎస్‌ఎన్‌డీపీ పేరుతో నాలాల విస్తరణకు ప్రత్యేక కార్యక్రమం చేపట్టాల్సి వచ్చింది.

సాంద్రత ఎక్కడ పెరగకూడదో చెప్పడం కూడా ప్రణాళికలో భాగమే. 1908 మూసీ వరదల తర్వాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కట్టడాలను నియంత్రిస్తూ 1996లో జీవో 111 వచ్చింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి చోట్ల తీసుకునే ప్రతి నిర్ణయం ప్రభావం దిగువన ఉన్న నగరమంతటి మీదా పడుతుంది.

ఎవరి చేతిలో ఏముంది?

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 పనులను పేర్కొంది. వాటిలో మొదటిదే పట్టణ ప్రణాళిక. అయితే ఏ పనిని ఎంతవరకు అప్పగించాలన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. హైదరాబాద్‌లో భవన నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వం రాస్తుంది. మాస్టర్ ప్లాన్ 2008లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)ది. నగరంలో అనుమతులు కార్పొరేషన్ టౌన్‌ప్లానింగ్ విభాగం ఇస్తుంది. తాగునీరు, మురుగునీటి పారుదల 1989లో ఏర్పడిన జలమండలివి. కార్పొరేషన్‌లో కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్ చేతిలో ఉంటుంది. నల్లా రాలేదని, మురుగు పొంగిందని జనం నిలదీసేది మాత్రం వార్డు కార్పొరేటర్‌ను.

డబ్బు కూడా ఇలాగే చీలిపోతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఒక ఎకరం ధర గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. వేలం జరిపింది హెచ్‌ఎండీఏ, స్థానిక మున్సిపాలిటీ కాదు. అక్కడ లేచే టవర్లకు వీధి దీపాలు, చెత్త సేకరణ, లోపలి రోడ్ల భారం మాత్రం స్థానిక సంస్థ మోయాలి. 2025 డిసెంబరులో శివార్లలోని 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్‌ఎంసీలో కలిపారు. హద్దులు మారినంత మాత్రాన ఈ చీలిక పూడదు.

నగర బడ్జెట్‌లోకి డబ్బు ఎలా వస్తుంది?

2025-26కు జీహెచ్‌ఎంసీ బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. ఇలాంటి బడ్జెట్‌కు వెన్నెముక ఆస్తి పన్ను. హైదరాబాద్‌లో దీన్ని ఇంటి విస్తీర్ణం, ఆ ప్రాంతానికి నిర్ణయించిన అద్దె విలువ ఆధారంగా లెక్కిస్తారు. ఇళ్లకు శ్లాబులను బట్టి గరిష్ఠంగా 30 శాతం వర్తిస్తుంది. అద్దె విలువలను ఎప్పటికప్పుడు సవరించకపోతే నగరం ఎంత పెరిగినా పన్ను దానికి తగ్గట్టు పెరగదు. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి మూలధన విలువ పద్ధతికి మారింది. అక్కడ రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఒక్కసారిగా భారం పడకుండా పెంపుదల 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు.

భవన అనుమతుల రుసుములు రెండో పెద్ద వనరు. ఇక్కడే జాగ్రత్త అవసరం. అనుమతి రుసుము ఒక్కసారి వచ్చేది. దాని వెంట వచ్చే ఖర్చు ఏటా ఉండేది. కొత్త టవర్ల రుసుములతో పాత జీతాలు, పాత మరమ్మతులు నెట్టుకొచ్చే నగరం, నిర్మాణాలు మందగించిన ఏడాది చేతులెత్తేస్తుంది. మూడో వనరు రాష్ట్ర, కేంద్ర గ్రాంట్లు. నాలుగోది అప్పు. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు జారీచేసి రహదారుల పథకానికి నిధులు సమకూర్చుకుంది. ఫ్లైఓవర్ పదుల ఏళ్లు ఉపయోగపడుతుంది కాబట్టి అప్పు సమంజసమే. తీర్చడానికి నికరమైన పన్ను రాబడి ఉండటం మాత్రం తప్పనిసరి. రిజర్వ్ బ్యాంక్ 2022 నాటి నివేదిక ప్రకారం దేశంలోని మున్సిపాలిటీల మొత్తం రాబడి జీడీపీలో ఒక శాతం దగ్గరే ఏళ్లుగా ఆగిపోయింది.

కౌన్సిల్ అడగాల్సిన ప్రశ్నలు

బడ్జెట్‌ను కమిషనర్ తయారుచేస్తారు, స్టాండింగ్ కమిటీ పరిశీలిస్తుంది, కౌన్సిల్ ఆమోదిస్తుంది. ఈ చివరి మెట్టు ఉండాలంటే ఎన్నికైన కౌన్సిల్ ఉండాలి. కౌన్సిల్ గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని రాజ్యాంగం చెబుతోంది. విశాఖపట్నంలో 2012లో గడువు తీరిన కౌన్సిల్‌కు మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో గానీ జరగలేదు. అన్నేళ్లూ నగర బడ్జెట్ ప్రజాప్రతినిధుల చర్చ లేకుండానే గడిచింది. ఈ నష్టం చిన్నది కాదు. ఏ నాలా ముందు, ఏ ఫ్లైఓవర్ తర్వాత అన్న ఎంపికను జనం ముందు సమర్థించుకోవాల్సిన అవసరం అధికారులకు ఉండదు.

కౌన్సిల్ ఉన్నప్పుడు అది చేయగల పని స్పష్టం. గత ఏడాది ఏ వార్డులో ఎన్ని ఫ్లాట్లకు అనుమతి ఇచ్చారు, ఆ వార్డు నుంచి రుసుముల కింద ఎంత వచ్చింది, అందులో ఎంత అక్కడి డ్రైనేజీకి, రోడ్డుకు, పార్కుకు కేటాయించారు అన్న మూడు లెక్కలను బడ్జెట్ పుస్తకంలో పక్కపక్కనే వేయమని పట్టుబట్టవచ్చు. జలమండలి పెట్టుబడి ప్రణాళికను కూడా అదే సమావేశంలో చర్చకు కోరవచ్చు. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న నగరాలకు రాజ్యాంగం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. కాలనీ సంక్షేమ సంఘాలు ఆ వేదిక మీద ఈ లెక్కలు అడగవచ్చు. ప్రభుత్వం చేయాల్సింది నిబంధనలోనే ఉంది: ఎత్తును రోడ్డు వెడల్పుతో ముడిపెట్టినట్టే నీటి సరఫరా, మురుగు, వరద కాలువల సామర్థ్యంతోనూ ముడిపెట్టాలి, సామర్థ్యం చాలని చోట దాన్ని పెంచే ఖర్చుకు బడ్జెట్‌లో పద్దు చూపాకే అనుమతి ఇవ్వాలి. అప్పుడు కొత్త ఇల్లు కొనుక్కున్న కుటుంబానికి నీళ్లు అందుతాయి, పక్కనున్న పాత బస్తీలోకి మురుగు రాదు.