ఇంజిన్‌ ‘జ్వరం’ తప్పుగా చెబితే..!
పికప్‌ వాహనాల్లో ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఇంటి వద్దే మార్చుకోవచ్చు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: పట్టుగూళ్లు నింపుకొని తెల్లవారుజామున హిందూపురం మార్కెట్‌కు బయలుదేరాల్సిన పికప్‌ ఎంతసేపు తిప్పినా స్టార్టు కాదు. ఎలాగో స్టార్టయినా నల్లటి పొగ కక్కుతుంది. డ్యాష్‌బోర్డుపై ఇంజిన్‌ గుర్తు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. కోసిన గూళ్లు ఆలస్యమయ్యేకొద్దీ తూకం తగ్గుతుంది. చిలుక గూడును చీల్చుకుని బయటకు వస్తే దారం తీయడానికే పనికిరావు. వాహనం ఒక్కరోజు ఆగినా కిరాయి పోవడంతో పాటు రైతుకూ నష్టం తప్పదు. ఇలాంటి మొరాయింపునకు చాలాసార్లు బొటనవేలంత ఉండే కూలెంట్‌ ఉష్ణోగ్రత సెన్సర్‌ కారణమవుతుంది. చేతి పనిముట్లు, కాస్త ఓపిక ఉంటే దీన్ని ఇంటి వద్దే మార్చుకోవచ్చు.

పని చేసేదిలా..

సాధారణంగా థర్మోస్టాట్‌ గూటి వద్ద మరలా బిగించి ఉండే ఈ సెన్సర్‌ కొన కూలెంట్‌లో మునిగి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని విద్యుత్‌ నిరోధం ఎక్కువగా, వేడెక్కితే తక్కువగా ఉంటుంది. ఈ తేడాను బట్టి ఇంజిన్‌ కంప్యూటర్‌ ఎంత డీజిల్‌ పంపాలి, గ్లో ప్లగ్‌లను ఎంతసేపు వేడి చేయాలి, ఫ్యాన్‌ ఎప్పుడు తిప్పాలి అన్నది నిర్ణయిస్తుంది. సెన్సర్‌ ఎప్పుడూ ‘చల్లగా ఉంది’ అని చెబితే డీజిల్‌ వృథా అయి పొగ వస్తుంది. ‘వేడిగా ఉంది’ అని చెబితే ఉదయపు చలిలో స్టార్టింగ్‌ కష్టమవుతుంది. అసలు సంకేతమే అందకపోతే చాలా వాహనాల్లో ఫ్యాన్‌ ఆగకుండా తిరుగుతుంది.

ముందు పరీక్ష.. తర్వాతే కొనుగోలు

స్కానర్‌ పెడితే పీ0117, పీ0118 వంటి కోడ్‌లు కనిపిస్తాయి. అయితే కోడ్‌ చెప్పేది ఆ సర్క్యూట్‌లో లోపం ఉందని మాత్రమే. ఎలుకలు కొరికిన తీగ, తుప్పు పట్టిన ప్లగ్గు కూడా ఇదే కోడ్‌ చూపుతాయి. మొదట ప్లగ్గు తీసి పిన్నులు చూడాలి. తర్వాత మల్టీమీటరుతో సెన్సర్‌ నిరోధం కొలవాలి. చాలా రకాల్లో 20 డిగ్రీల వద్ద 2,000 నుంచి 3,000 ఓమ్‌లు, 80 డిగ్రీల వద్ద 300 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. కచ్చితమైన అంకె కంపెనీ మాన్యువల్‌లో చూసుకోవాలి. వేడి పెరిగినా అంకె కదలకపోతే సెన్సర్‌ పాడైనట్లే.

మార్చే విధానం

* వాహనాన్ని చదునైన చోట నిలిపి, ఇంజిన్‌ పూర్తిగా చల్లారే వరకు కొన్ని గంటలు ఆగాలి. వేడి మీద రేడియేటర్‌ మూత తీస్తే మరిగే ద్రవం ఎగజిమ్మి ముఖం, చేతులు కాలే ప్రమాదం ఉంది.
* బ్యాటరీ నెగెటివ్‌ తీగ విప్పాలి. సెన్సర్‌ మట్టం కంటే దిగువకు వచ్చేలా కొంత కూలెంట్‌ను శుభ్రమైన పాత్రలోకి తీయాలి.
* ప్లగ్గును తీగ పట్టి లాగకూడదు. లాకు నొక్కి విడదీయాలి. తర్వాత సరైన సైజు పానాతో సెన్సర్‌ను విప్పాలి.
* కొత్త సెన్సర్‌కు కొత్త వాషర్‌ వేసి, మొదట చేత్తోనే మర ఎక్కించాలి. ఆ తర్వాతే పానాతో బిగించాలి. బలం ఎక్కువైతే అల్యూమినియం మరలు చెడిపోతాయి.
* అదే రకం కూలెంట్‌ నింపి, గాలి బుడగలు పోయేలా ఇంజిన్‌ నడపాలి. ఫ్యాన్‌ తిరిగి ఆగే వరకు కారుతోందేమో గమనించాలి. ఇంజిన్‌ చల్లారాక మట్టం మళ్లీ చూసి, స్కానర్‌తో కోడ్‌ చెరిపేయాలి.

తీసిన కూలెంట్‌ విషపూరితం. తియ్యగా ఉండటంతో పశువులు, కుక్కలు తాగే అవకాశం ఉంది. దాన్ని ఆరుబయట పారబోయకూడదు.

బోరు నీరు వద్దు

కూలెంట్‌ తగ్గితే దారిలో దొరికిన బోరు నీరు పోయడం ఈ ప్రాంతంలో మామూలే. ఆ నీటిలోని లవణాలు పొరగా పేరుకుని రేడియేటర్‌ను పూడ్చేస్తాయి. సెన్సర్‌కు వేడి అందడమూ ఆలస్యమవుతుంది. డిస్టిల్డ్‌ వాటర్‌తో కలిపిన కూలెంట్‌నే వాడాలి. కూలెంట్‌ బాగా తగ్గి సెన్సర్‌ గాలిలో తేలితే ఇంజిన్‌ మరుగుతున్నా మీటరు ముల్లు లేవకపోవచ్చు. అప్పుడు హెడ్‌ గ్యాస్కెట్‌ కాలి ఖర్చు అనేక రెట్లు పెరుగుతుంది.

వీటి జోలికి వెళ్లొద్దు

2020 ఏప్రిల్‌ 1 నుంచి దేశమంతటా బీఎస్‌-6 ప్రమాణాలు అమల్లోకి రావడంతో డీజిల్‌ వాహనాల్లో సెన్సర్లు పెరిగాయి. అన్నీ ఇంటి వద్ద మార్చేవి కావు. కామన్‌ రైల్‌లో డీజిల్‌ వెయ్యి బార్‌లకు మించిన పీడనంలో ఉంటుంది. అక్కడి సెన్సర్‌ను విప్పబోతే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లగలదు. పొగగొట్టంలోని నాక్స్‌ సెన్సర్లనూ వర్క్‌షాపుకే వదిలేయాలి. వారంటీ గడువు ఉన్న వాహనాన్ని అధీకృత కేంద్రానికే తీసుకెళ్లాలి. సెన్సర్‌ కొనేటప్పుడు పాతదానిపై ఉన్న పార్టు నంబరును సరిపోల్చుకుని బిల్లు తీసుకోవాలి.